కొరికిన రొట్టె

"ఇవాళైనా ఆ రొట్టె దింపుతావా, లేదా?"

పక్కింటి హాల్‌బీబీ మట్టిగోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"ఊళ్ళో సైన్యానికి పోయిన పిల్లలందరి రొట్టెలూ దిగాయి. మీ ఇంట్లోదే మిగిలింది. ఎలకలకి విందు పెడతావేంటే?"

"నీ గొంతు దిగితే అదీ దిగుతుందిలే, పోవే" అంది జుమాగుల్.

లోపలికి వచ్చింది. మేకుకు వేలాడుతున్న గుండ్రటి రొట్టె రాయిలా ఎండిపోయింది. ఒక అంచున చిన్న కొరుకు. రెండేళ్ళ కిందట, సైన్యం లారీ ఎక్కబోతూ కొడుకు తుర్దీ కొరికి ఇచ్చాడు. మిగిలింది వాడే వచ్చి తినాలి. ఇంకొకరు పన్ను పెట్టకూడదు.

ఆ రొట్టె కిందనే గోడకు చేరగిలబడి ఉన్నాడు, యుద్ధం నుంచి వచ్చినవాడు. వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే. బూట్లు విప్పడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. నాయనా అంటే పలుకుతాడు.

జుమాగుల్ గిన్నెలో టీ పోసి అతని ముందు పెట్టింది. ఉన్ని వడుకుతూ, రోజూ అడిగేదే అడిగింది.

"తుర్దీ ఎక్కడున్నాడు నాయనా?"

"నది అవతలే ఉండిపోయాడమ్మా."

రోజూ ఇక్కడితో ఆగిపోయేవాడు. ఇవాళ ఆగలేదు.

"ఒక ఊళ్ళో ఇళ్ళు సోదా చేస్తున్నాం. ఒకామె పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. నీ ఈడే ఉంటుంది. చేతిలో గుడ్డ మూట. బాంబనుకున్నాడు తుర్దీ. కాల్చేశాడు."

"మూటలో ఏముంది?"

"రొట్టె. ఇంకా పొగలు కక్కుతోంది. దొర్లుకుంటూ వచ్చి వాడి బూటుకి తగిలింది. ఆమె ఏదో అంది. మన భాషేనమ్మా. తినండి బాబూ, అంది."

జుమాగుల్ చేతిలో కదురు ఆగింది.

"తర్వాత ఇంట్లోకి పోయి చూశాడు. ఎవరూ లేరు. గోడకి ఒక రొట్టె వేలాడుతోంది. కొరికిందే."

బయట హాల్‌బీబీ కోళ్ళను తిడుతోంది.

జుమాగుల్ లేచింది. మేకు మీది రొట్టె దింపింది. కొరికిన అంచును టీలో నానబెట్టి అతని పెదవుల దగ్గర పెట్టింది.

"నువ్వు తిను నాయనా. నేను చెప్తున్నాగా."

"నాది కాదమ్మా. వాడు తినాల్సింది."

"ఒక్క ముక్క."

అతను మూతి తిప్పుకున్నాడు. టీ గడ్డం మీదికి కారింది.

"పోనీ, వాడొస్తాడా? అదైనా చెప్పు."

"రాడు."

ఆమె తడిసిన రొట్టెను మళ్ళీ అదే మేకుకు తగిలించింది.

తర్వాత వంగి, రెండేళ్ళ కిందట దాన్ని కొరికి వెళ్ళిన తన కొడుకు మూతిని తలగుడ్డ కొసతో తుడిచింది.