రేపల్లె దాకా తిట్లు

“నూట ఎనభై మందిని గాల్లో పెట్టుకుని, విమానం నడుపుతూ నిద్రపోయావా?” కొండయ్య బల్ల గుద్దిన గుద్దుకి టీ గ్లాసు ఎగిరిపడింది.

కూతురు స్నేహలత తల దించుకుంది. “వరసగా నాలుగో రాత్రి డ్యూటీ నాన్నా. పక్కన కెప్టెన్ కూడా పడుకున్నాడు. తప్పంతా నాదేనని సంతకం పెట్టమని కంపెనీ కాగితం పంపింది.”

“పెట్టు! ముప్పయ్యేళ్లు తెనాలి నుంచి రేపల్లెకి బస్సు నడిపాను. ఏనాడైనా కునుకు తీశానా?”

“తియ్యలేదండి,” అంది భార్య ప్రేమకుమారి. “డబుల్ డ్యూటీ పడ్డప్పుడల్లా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, నిద్ర రాకుండా రేపల్లె దాకా తిట్టమనేవారుగా!”

కొండయ్య చూపు కూతురి చేతిలోని కాగితం మీద పడింది. ఆ తిట్లే లేకపోతే బస్సు ఏనాడో కాలవలో ఉండేది.

కాగితం లాక్కుని పరపరా చించాడు.

“ఇది పంపినవాడికి ఫోన్ కలపవే. ఈసారి తిట్టేది నేను.”