చెరిసగం

ఓడ బయలుదేరింది, నా పెట్టె ఎక్కలేదు. పది రోజుల ప్రయాణానికి ఒంటిమీది చెమట చొక్కా ఒక్కటే మిగిలింది.

అయినా ధైర్యంగానే ఉన్నాను. ఒక పెట్టె పోయినా ఇబ్బంది లేకుండా, ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లో చెరిసగం సర్దడం మా ఆవిడకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు.

"నీ పెట్టె తియ్యవే, చొక్కా మార్చుకోవాలి."

"ఇదే ఉతికిస్తాను లెండి. పొద్దుటికి ఆరిపోతుంది."

"పది రోజులూ దీన్నే ఉతుకుతావా?"

ఆమె కదలకపోతే నేనే తెరిచి అడుగుదాకా కెలికాను. అన్నీ ఆమె బట్టలే. ఈ ఎండల్లో చలికోట్లు కూడా ఉన్నాయి. వాటి కింద ఆమె చదువు సర్టిఫికెట్లు.

"నావేవే?" అన్నాను.

"మీవన్నీ మీ పెట్టెలోనే సర్దాను" అంది. "ఆ చొక్కా ఇలా ఇవ్వండి. రేపు రేవులో నేను దిగిపోయేలోపు ఉతికి పెడతాను."