వీడియో రాని ప్లాన్

“వీడియో కాల్ రాని ప్లాన్ ఒకటి ఇవ్వండి.”

సిమ్ కార్డుల కొట్టాయన కళ్ళద్దాల పైనుంచి ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి బేరం తగల్లేదు. వచ్చినవాళ్ళంతా ఇంకా డేటా, ఇంకా డేటా అని ప్రాణాలు తోడేసేవాళ్ళే.

“ఎన్ని దేశాలు?”

“ఐదు. వారానికొకటి. సరిహద్దు దాటినప్పుడల్లా సిమ్ మార్చుకునే ఓపిక లేదు.”

“ఐదింటికీ కలిపి మంచి ప్లాన్ ఉంది సార్. రోజుకి రెండు జీబీ. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చున్నంత స్పష్టంగా కనబడతారు.”

“అదే వద్దంటున్నా. మాట వినబడితే చాలు. ఉన్నవాటిలో చిన్నది తియ్యండి.” జేబులోంచి నలిగిన చీటీ తీసి ఇచ్చాడు. “ఈ నంబరుకి మాత్రం పెద్దది వెయ్యండి. ఎంత వాడినా అయిపోకూడదట. మా అమ్మది. సీరియళ్ళ పిచ్చి.”

“దేశాలు తిరిగేది మీరు, ఇంట్లో కూర్చునేది ఆవిడ. తిరగేసి చెప్తున్నట్టున్నారే?”

“మా ఇంట్లో అన్నీ తిరగేసే లెండి.”

పాపం, కొట్టాయనకేం తెలుసు! ఎదురుగా నిలబడ్డవాడు బాక్సర్. అదీ గెలిచే బాక్సర్ కాదు. ప్రతి ఊళ్ళోనూ పైకి వస్తున్న వీరుడొకడు ఉంటాడు. వాడు తనివితీరా కొట్టుకోవడానికి, వెంటనే పడిపోని మనిషి ఒకడు కావాలి. అందుకే మేనేజరు ఇతన్ని దేశాలు తిప్పుతున్నాడు. ముద్దుగా ‘బండోడు’ అంటాడు.

బండోడి నాన్నా బాక్సరే. కణత మీద పడ్డ ఒక్క గుద్దుకి తాళ్ళ మీదికి వాలిపోయాడు, మళ్ళీ లేవలేదు. ముందు వరసలో కూర్చుని అమ్మ అంతా చూసింది. జన్మలో గ్లోవ్స్ ముట్టనని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. బండోడు ఒట్టు వేశాడు, ఏడాది తిరక్కుండా తప్పాడు. చేతనైన పని అదొక్కటే మరి! లిఫ్టులు బిగించే కంపెనీలో పని అని అమ్మకి చెప్పాడు. నిజం తెలిస్తే ఆవిడ గుండె ఆగిపోతుందని అతని భయం. అతనికున్నది ఆవిడొక్కతే.

మొదటి దేశంలో రెండో రౌండ్‌కే ముక్కు విరిగింది. ఆ చప్పుడు తన చెవులకే వినబడింది. గొంతులోకి కారే రక్తం మింగుతూ ఆరు రౌండ్లూ నిలబడ్డాడు. డ్రెస్సింగ్ రూంలో ముక్కులో దూది కుక్కుకుంటూనే అమ్మకి ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

“పని అయిపోయిందమ్మా. ఈ ప్లాన్‌లో వీడియో రాదు, ఏమీ అనుకోకు.”

“రాకపోతే పోనీలే. రెండు దిళ్ళు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుని పడుకో.” అమ్మ గొంతు బొంగురుపోయింది.

“గొంతేంటి అలా ఉంది?”

“చల్లనీళ్ళు తాగానులే.”

రెండో దేశంలో పక్కటెముకలు. మూడో దేశంలో దవడ మీద పడిన గుద్దుకి రెండు పళ్ళు ఊడి, ఎర్రటి ఉమ్మితో పాటు మేనేజరు బూట్ల మీద పడ్డాయి. “నెట్‌లో లైవ్ పోతోందిరా, కాస్త వీరుడిలా కనబడి చావు!” అని మేనేజరు కసురుకున్నాడు. ఆ రోజూ అమ్మ గొంతు బొంగురే.

“గట్టివేం నమలకు. మెత్తగా కలుపుకుని తిను.”

అమ్మల చాదస్తం ఇంతే కదా అని నవ్వబోయాడు. దవడ భగ్గుమంది.

నాలుగో దేశంలో పొరపాటున గెలిచాడు. అవతలివాడు కొట్టీ కొట్టీ అలిసిపోయి గడ్డం అప్పజెప్పాడు. బండోడు ఉన్న బలమంతా పెట్టి ఒక్కటిచ్చాడు. వాడు మొదలు నరికిన చెట్టులా కూలాడు. జనం సీసాలు విసిరారు, ఒక కుర్చీ వచ్చి వీపున తగిలింది. ఫోన్లో అమ్మ ఊరికే నవ్వుతోంది.

“ఏంటమ్మా అంత సంతోషం?”

“ఏం లేదురా. సీరియల్ బాగుంది ఇవాళ.”

ఐదో దేశంలో తగిలినవాడు మనిషి కాదు. రెండు రౌండ్లు ఆడుకున్నాడు. మూడో రౌండ్ నుంచి చంపడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో ఒకటే చోట, బండోడి ఎడమ కణత మీద, మళ్ళీ మళ్ళీ. కనుబొమ చీలింది. రక్తం కంట్లోకి కారి రింగంతా ఎర్రగా కనబడింది. పడ్డాడు. లేచాడు. మళ్ళీ పడ్డాడు.

“టవల్ విసిరి ఓటమి ఒప్పేసుకుంటున్నా, ఇక చాలు!” అని మేనేజరు అరిచాడు. నిజంగానే భయపడ్డాడు.

“విసిరావంటే ముందు నీ పని పడతా,” అని బండోడు తాళ్ళు పట్టుకుని లేచాడు. ఆఖరి గంట కొట్టేదాకా దెబ్బలు తిన్నాడు. కొట్టినవాడే వచ్చి చంకలో చెయ్యి వేసి మూల దాకా నడిపించాడు.

డ్రెస్సింగ్ రూంలో డాక్టరు కనుబొమకి కుట్లు వేస్తుండగానే ఫోన్ అందుకున్నాడు. అమ్మ నంబరు నొక్కడానికి మూడుసార్లు పట్టింది.

“అమ్మా… ఇవాళ లిఫ్టు తలుపు తగిలింది. మూతి వాచి మాట సరిగా రావట్లేదు. కంగారు పడకు.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత ఆ బొంగురు గొంతు వచ్చింది.

“తలుపు సంగతి సరే గానీ, మూడో రౌండ్ నుంచీ నీ ఎడమ చెయ్యి కిందికి జారిపోతోంది చూసుకోవేంరా, మీ నాన్నకీ అదే అలవాటు.”