బ్రెడ్‌విన్నర్

"ఇది చెల్లదమ్మా."

గుమాస్తా పెంచలనరసింహం కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోశాడు.

మస్తాన్‌బీ కిటికీ ఊచ పట్టుకుని ముందుకు వంగింది.

ఉదయగిరి హాస్టల్లో అటెండరు ఉద్యోగం. పోస్టు ఒక్కటే. అర్జీ ఆత్మకూరు ఆఫీసులో ఇవ్వాలి. ఈ రోజే ఆఖరు, అయిదింటికి కిటికీ మూసేస్తారు. దారిలో బస్సు చెడిపోయి, ఆమె వచ్చేసరికే మూడున్నర దాటింది.

మొగుడు షావలి కామెర్లతో పోయి ఏడాదయింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, చూపు పోయిన మామ నబీ రసూల్. కర్ర గరిటెలు నున్నగా రుద్ది ఇస్తే వచ్చే కూలి ఒక పూటకు కూడా చాలడం లేదు. నిన్నయితే రెండు పూటలా పొయ్యి వెలగలేదు.

"ఎందుకు చెల్లదు సార్?"

"ఈ బ్రెడ్‌విన్నర్ అనే గడిలో నబీ రసూల్ అని రాసినారు. ఇంట్లో సంపాదించేవాడుంటే నీకెందుకిస్తారు ఉద్యోగం?"

"ఆయన మా మామ సార్. కండ్లు కనపడవు."

"మరెందుకు రాయించినావు?"

"ఇంటికి పెద్ద గదా సార్!"

రేషన్ కార్డు మొదలుకొని పిల్లల బడి రిజిస్టరు దాకా వాళ్లింట్లో ఏ కాగితమైనా మామ పేరు మీదే. ఫారం నింపిన పక్కింటి తిరుపాలు కూడా ఇంటి పెద్దెవరని అడిగాడు. ఈమె మామ పేరు చెప్పింది. అంతే జరిగింది.

"కొట్టేసి వేరేది రాయిస్తాను సార్."

"కొట్టివేతలుంటే తీసుకోము. కొత్త ఫారం కావాల."

"అయితే ఒకటి ఇప్పించండి సార్, మీకు పుణ్యముంటాది."

"నిన్ననే అయిపోయినాయి తల్లీ."

మస్తాన్‌బీ వసారా మెట్ల మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. ఉత్త చేతులతో ఆ పిల్లల ముందు నిలబడేకంటే ఏ లారీ కిందో పడితే పీడా పోతుందనిపించింది.

"నా కాడ ఒక ఫారం ఉండాది. రాసిద్దునా అమ్మా?"

తలెత్తి చూసింది. మాసిన చొక్కా, జేబులో పెన్ను, చంకలో చేతిసంచి. ఇలాంటి వాళ్లు ఆఫీసుల ముందు కాచుకునే ఉంటారు. ఫారానికింత, రాతకింత అని గుంజుతారు.

"బస్సు చార్జీలు తప్ప నా కాడ పైసా లేదు."

"నేను అడగలేదు గదా."

వేరే దారి లేదు. సరేనంది.

అతను పక్కన కూర్చుని చకచకా నింపాడు. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"ఇక్కడ ఎవరి పేరు రాయమంటావు?"

"మా ఆయన పేరు రాయండి."

"పోయినాయన పేరు ఎట్టా రాస్తామమ్మా? నీ పేరే రాయాల."

"మామ బతికుండంగా నా పేరా? నలుగురూ నవ్వరా?"

అతను చేతిసంచిలోంచి చిత్తు కాగితం తీసి ఆ ఇంగ్లీషు మాటను పెద్ద అక్షరాలతో రాశాడు.

"చూడమ్మా. బ్రెడ్ అంటే రొట్టె. విన్నర్ అంటే గెలిచినోళ్లు. రెండిట్నీ మధ్యలో సందు లేకుండా అతికించి ఒకటే మాటగా రాస్తారు."

లోపల గడియారం నాలుగున్నర కొట్టింది. మస్తాన్‌బీకి ఒళ్లు మండిపోయింది.

"రొట్టె గెలిచేదేంది? ఇదేమన్నా ఆటా? కడుపు కాలి నేనొస్తే నాకు పాఠాలు చెప్తుండావే! పనీపాటా లేదా నీకు?"

ఆ మాటకు అతని ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. అయినా గొంతు పెంచలేదు.

"ఆట కాదనే చెప్తుండానమ్మా. పూర్వం వాళ్ల భాషలో ఆ విన్ అనేదానికి పాటుపడటమని అర్థం. తిండి కోసం ఒళ్లు వంచేవాళ్లకి ఆ పేరు పెట్టినారు. బతుకుతెరువైన పనిముట్టును గూడా ఒకప్పుడు అట్టనే పిలిచినారంట. ఇంటికి పెద్దెవరని ఈ గడి అడగడం లేదు. కష్టం ఎవరిదని అడగతా ఉండాది."

మస్తాన్‌బీ తన చేతులు చూసుకుంది. గరిటెలు రుద్దీ రుద్దీ వేళ్ల మీద గీతలు కూడా అరిగిపోయాయి. ఆ కష్టానికి ఒక పేరుంటుందని ఆమెకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

"నా పేరే రాయండి" అంది మెల్లగా.

అతను రాశాడు. ఆమె సంతకం చేసి, ఫారం లాక్కున్నట్టు తీసుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

గుమాస్తా అంతా చదివి ముద్ర వేశాడు. అయిదుకు ఇంకా అయిదు నిమిషాలున్నాయి.

వెనక్కి తిరిగి చూస్తే వసారాలో ఆ మనిషి లేడు. డబ్బులడక్కుండానే పోయాడు, బతికిపోయాననుకుంది.

నెల తిరిగేసరికి ఉద్యోగం వచ్చినట్టు కార్డు వచ్చింది. ఆర్డరు తీసుకోవడానికి మళ్లీ ఆత్మకూరు వెళ్లింది.

"అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు పెంచలనరసింహం. "ముంపు ఊళ్ల వాళ్లకి మొదటి హక్కు. రాజమోహన్ అని ఒకాయన, సోమశిల డ్యాములో ఇల్లూ చేనూ పోయినాయి. ఆయన అర్జీ పెట్టుంటే ఇది ఆయనదే."

"పిల్లలుండారా సార్ ఆయనకి?"

"ముగ్గురు. మర్రిపాడు కాడ లారీ ఎక్కి పెళ్లాం బిడ్డల్తో కూలికి ఎటో పోయినాడంట. ఏ ఊరో ఎవరికీ తెలవదు."

"అంత కష్టంలో ఉండి అర్జీ ఎందుకు పెట్టలేదు సార్?"

పెంచలనరసింహం రాస్తున్నవాడల్లా ఆగి ఆమె వైపు వింతగా చూశాడు.

"ఎట్టా పెడతాడమ్మా, మనిషికొక్క ఫారమే ఇచ్చినాము, తనదాని మీద ఆ రోజు వసారాలో కూర్చుని నీ పేరు రాసిచ్చినాడు గదా!"