జైపాల్ డబ్బాలో పూరీలు

"నిజం చెప్పు. ఇయ్యాల బాయిల ఏం తిన్నవ్?"

బొగ్గుబావిలో మొదటి షిఫ్టు దిగి వచ్చిన యేసయ్యను ఎలిజబెత్ గడపలోనే ఆపేసింది.

"నువ్వు కట్టిన జొన్న రొట్టె, పాలకూర పప్పు. ఇంకేం తింట?"

"మరి జైపాల్ పెళ్లాం వేరే చెప్తాంది! 'మీ ఆయనకు మా పూరీలంటే ఎంత పాణమో వదినా' అని పకపక నవ్వింది. రోజూ నాలుగు లాగిస్తవట!"

యేసయ్య బూట్లు విప్పుతూ తల దించుకున్నాడు. "బాయి సంగతి నీకెర్కలేదా? ఆరుగురి డబ్బాలు ఒక్కతాన తెరుస్తం. ఎవలి చెయ్యి ఎవలి డబ్బాలనన్న పడ్తది. నాది నాకే అని ముడుసుకొని కూసుంటనా? రేపు రూఫు పడితే నన్ను గుంజేటోడు ఆ జైపాలే."

"ఆయనకు షుగర్ లేదు. నీకుంది!"

మూడు నెలల కింద ఇద్దరి రక్త పరీక్షల రిపోర్టులూ తెచ్చింది యేసయ్యే. తనకు షుగర్ మొదలైందనీ, తిండి మార్చి చూడమన్నారనీ, మందుల మాట తర్వాత అన్నారనీ చెప్పాడు. ఆ పూటే ఆమె నూడుల్స్, మిక్చర్, క్రీము బిస్కెట్లు, సీసా డ్రింకులు అన్నీ ఇంట్లోంచి వెళ్లగొట్టింది. జొన్నలు, కొర్రలు, పెసలు తెచ్చి డబ్బాలు నింపింది. ఆయన మూతి ముడుచుకుని ఒక్క షరతు పెట్టాడు: "ఒక్కన్నే తినలేను. నా కంచంల ఏముంటే నీ కంచంల గదే ఉండాలె."

ఇప్పుడు ఎలిజబెత్ కళ్లు నిండాయి. "నాకైతే చాయ్, బిస్కెట్ ఉంటే దినం ఎల్లేది. నీ పాణం కోసమే గద కొర్రన్నం నములుతున్న! నీకే లేని ఫికర్ నాకెందుకు?"

ఆదివారం బడి పిల్లలకు పంచడానికి తెచ్చిన బిస్కెట్ పొట్లం తీసి చించింది. యేసయ్య ఒక్క అంగలో వచ్చి లాక్కున్నాడు.

"నీకు దండం పెడత, అది తినకు! రేపటి సంది నేను పూరీ ముడితే అడుగు."

"నీ మాట నేన్నమ్మ. రేపు దవాఖానకు పోదాం."

"ఇద్దరం పోయి రక్తమిద్దాం. రిపోర్టులు మాత్రం నేనే తెస్త. లైన్ల నిలబడలేవు నువ్వు."

"నిలబడ్త. డాక్టర్ నా ముందటే చదవాలె."

దవాఖానలో డాక్టరు రెండు కాగితాలూ బల్ల మీద పరిచాడు. యేసయ్య కుర్చీ అంచున కూర్చుని మెడ తుడుచుకుంటున్నాడు. ఎలిజబెత్ కళ్లు మూసుకుంది. 'తండ్రీ, ఆ పూరీలను క్షమించు.'

డాక్టరు ఒక కాగితం ఎత్తి పట్టుకుని నవ్వాడు.

"శభాష్ యేసయ్యా! ఒక్క గోళీ మింగకుండనే మీ ఆవిడ షుగర్ దిగింది."