బావి అడుగు

"తాడు ఇంకాస్త వదలమనక్కా!" బావిలోంచి అరిచాడు ప్రూఫ్ రీడర్.

"తాడు వదలమంటున్నాడండీ," గట్టు మీదున్న అక్క పక్కనే ఉన్న మొగుడికి అప్పజెప్పింది.

"ఎంత వదలాలో చెప్పమను," అన్నాడు బావ.

"ఎంతరా?"

"రెండు మూరలు!"

"రెండు మూరలటండీ."

నాలుగేళ్లుగా బావాబావమరుదుల మాటలన్నీ ఇలా అక్క మీదుగానే నడుస్తున్నాయి. గొడవ పెద్దదేమీ కాదు. బావ లారీ డ్రైవరు. సొంత లారీ కొన్నప్పుడు సంబరంగా కార్డులు అచ్చు వేయించి పంచాడు. అందులో ఉన్న పదకొండు అచ్చుతప్పులనూ ప్రూఫ్ రీడర్ నలుగురిలో పైకి చదివి వినిపించాడు. బావ ముఖం మాడిపోయింది. అంతే, మాటలు బంద్.

ఈ రోజు బావను పిలవడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు. కానీ బావిలోకి మనిషిని దింపేంత తాడూ, దాన్ని పట్టి నిలబడే రెక్కలూ చుట్టాల్లో ఇంకెవరికీ లేవు. అందుకని పిల్లలకు నిధి వేట అన్నాడు. ఊరవతల నాన్న తోటకు రెండు కుటుంబాలూ పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామన్నాడు. చెట్టు తొర్రల్లో చాక్లెట్లు, రాళ్ల కింద చీటీలు దాచాడు. పిల్లలు తోటంతా దున్నేస్తున్నారు. ఆఖరి చీటీ బావిలో పెట్టి వస్తానంటూ గునపం చేతబట్టి, నడుముకు తాడు కట్టుకున్నాడు.

"పిల్లలాటకి పాడుబావిలో దిగడమేంటి? మీ తమ్ముడికి మతి గానీ పోయిందా?" అని బావ పెళ్లాం మీద విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ముడి రెండుసార్లు లాగి చూశాడు.

అసలు సంగతి ప్రూఫ్ రీడర్ కడుపులోనే ఉంది. నాన్నకు పోయే ముందు మాట పడిపోయింది. వణికే చేత్తో ఏదో రాసి, ఆ చీటీ ఇతని గుప్పిట్లో పెట్టి కళ్లు మూశాడు. అమ్మ నగల పెట్టె ఆయన ఎక్కడ దాచాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. చీటీలో 'పెట్టె' అన్న మాట వెంటనే తెలిసింది. మిగతాదంతా కోడి కెలికినట్టుంది. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం ఎక్కి కూర్చుంది. అయితేనేం? ఎవరి రాతనైనా చక్కదిద్ది చదవడమే కదా తన ఉద్యోగం! వారం రోజులు భూతద్దం పట్టుకుని తేల్చాడు. 'పెట్టె. బావి అడుగు.'

ఆ ఉద్యోగం మాత్రం ఇప్పుడు లేదు. ప్రెస్సు మూతపడి మూడు నెలలైంది. ఇంట్లో చెప్పలేక రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి, పార్కు బెంచీ మీద తినేసి వస్తున్నాడు. తోట రోడ్డు కింద పోయింది. రేపు పొద్దున బావి పూడ్చేస్తారు. ఈ పూట పెట్టె దొరికితే ఇల్లు గడుస్తుంది. బావ కంటబడిందా, సగం మాదంటాడు. అందుకే ఎవరి దగ్గరా నోరు మెదపలేదు.

కాళ్లు నేలకు ఆనాయి. తవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి లోతు తవ్వినా మట్టే. చెమట కళ్లలోకి కారుతోంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవులాడాడు. మళ్లీ తవ్వాడు.

గునపం ఖణేల్మంది.

గోళ్లతో మట్టి లాగి, పక్కనున్న రాయిని పెకలించాడు. కింద ఇంకో రాయి. పైనుంచి గుప్పెడు మట్టి మెడ మీద రాలింది. తలెత్తి చూశాడు. తను కదిపింది బావి గోడను మోస్తున్న రాయి. గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వస్తోంది.

"అక్కా!"

పలుకు లేదు.

"అక్కా! అక్కా!"

"అక్క లేదు," పైన బావ గొంతు గాలితో చెప్పినట్టు వినిపించింది. "చిన్నది చెట్టు మీంచి పడితే పరిగెత్తింది."

ఇటుకంత రాయి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. నాలుగేళ్లుగా పలకని మాట నోటిదాకా వస్తే పళ్లు బిగబట్టాడు. రెండో రాయి భుజానికి తగిలింది.

"బావా! లాగు బావా!"

ఆ మాట పూర్తికాకముందే తాడు బిగిసింది. కాళ్లు నేల విడిచాయి. ఇంతసేపూ తను నిలబడిన చోట గోడ సగం కూలి పడింది. దుమ్ములో ఏమీ కనిపించలేదు. తాడు ఒక్కసారి జర్రున జారింది. ప్రాణం జారినట్టే అనిపించింది. మళ్లీ బిగిసింది. ఆ తర్వాత చొక్కా కాలరు పట్టుకుని ఎవరో గట్టు మీదికి ఈడ్చారు.

"చీటీ పెట్టడానికి ఇంతసేపా? ఏం తవ్వుతున్నావురా అక్కడ?" అరిచాడు బావ. అతని అరచేతులు తోలు లేచి నెత్తురు కారుతున్నాయి.

ప్రూఫ్ రీడర్ బావి వైపు చూశాడు. అడుగంతా పూడిపోయింది. పెద్దవాడినన్న సిగ్గు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ప్రెస్సు పోయింది బావా. మూడు నెలలైంది. ఇంట్లో కూడా చెప్పలేదు. నాన్న దాచిన అమ్మ నగల పెట్టె... ఇంకెక్కడని వెతకను, నువ్వే చెప్పు బావా!"

బావ అతని పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అది మా ఇంట్లోనే ఉంది కదరా, 'బావని అడుగు' అని వాడికి చీటీ రాసిస్తాను, వాడు నోరు తెరిచి నిన్ను అడిగిన రోజే ఇవ్వు అని, మాట పడిపోకముందే మామయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు."