సాయంత్రానికి ఊడే పళ్లు

ఇంప్లాంటు పళ్లు తమ కాపలా తామే కాసుకునే రోజులవి. చిగుళ్లలో చీము ఎముకదాకా పాకితే, దవడను కాపాడటానికి పన్ను తన మరను తానే వదులు చేసుకుని ఊడిపోయేది. వేటపాలెంలో సన్నాయి ఊదే నాంచారమ్మకు ఆ కబురు పొద్దున పళ్లు తోముకుంటుండగా ఆ పళ్ల నుంచే చెవిలో వినిపించింది. ముందున్న ఇంప్లాంటు పళ్లు నాలుగూ సాయంత్రానికి ఊడతాయట.

నోటికి చెంగు అడ్డం పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తింది.

"రేపు మా అమ్మాయి పెళ్లి. ఈ ఒక్కరోజూ ఆపు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఆపితే చీము ఎముకను తినేస్తుంది. ఇక ఏ పన్నూ నిలవదు. వదిలేస్తే చిగుళ్లు శుభ్రం చేసి, ఎముక పెంచి, ఏడాదికి కొత్తవి బిగిస్తా. రక్తం కారినప్పుడే ఎందుకు రాలేదమ్మా?"

"సన్నాయి ముట్టొద్దంటారని భయపడ్డా."

ఇంటికొచ్చి, డోలు తుడుస్తున్న భర్త కోటయ్య పక్కన కూలబడి, జరిగింది చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. లోపల్నుంచి కూతురు భ్రమర అంతా విన్నది.

"నీ సన్నాయి లేకుండా నేను తాళి కట్టించుకోనమ్మా. ఇవాళే కట్టమంటా," అంటూ పెళ్లికొడుకు ఇంటికి బయల్దేరింది.

ముహూర్తం లేదని పంతులు గొణిగినా, మధ్యాహ్నానికి పందిట్లో పీటలు వేశారు. నాంచారమ్మ కదిలే పళ్ల మీద పెదవులు బిగించి సన్నాయి పీక పట్టి ఊదింది. రెండో ముడి దగ్గర, ఊదే ఒత్తిడికి ఒక పన్ను ముందే ఊడి ఒళ్లో పడింది. రాగం చీలి ఉత్త గాలి అయిపోయింది. అయినా కళ్లనిండా నీళ్లతో ఊదుతూనే ఉంది. కోటయ్య భార్య వంక చూసి, ఆ గాలి ఎవరికీ వినబడకుండా డోలు మీద గట్టిమేళం హోరెత్తించాడు.